‘ది వైర్’ను డిస్కుల్లోనే చూడమని ఎందుకు చెబుతానంటే

‘ది వైర్’ అనే అమెరికన్ పోలీసు సిరీస్ ఇప్పుడు ఫోనులోనే దొరుకుతుండగా, కొందరు పాత డీవీడీ పెట్టె కోసం ఎందుకంత వెతుకుతారు, అందులో అంత ఆకర్షణ ఏముంది అని అడిగారు. ఆ పెట్టెను కొన్నది నేనే. ఇప్పుడు మా నాన్న దగ్గర ఉంది. అది ఆయన దగ్గరికి ఎలా చేరిందో చెబితే మీకు జవాబు దొరుకుతుందని అనుకుంటున్నాను.

2009 నవంబరులో మా అబ్బాయి పుట్టాడు. అప్పట్లో మేము మేరీలాండ్‌లో, బాల్టిమోర్ నగరానికి పడమటి పక్కన ఒక అపార్ట్‌మెంటులో ఉండేవాళ్లం. పురిటికని అమ్మా నాన్నా వచ్చారు. అమ్మకు క్షణం తీరిక లేదు. నాన్నకు ఏమీ తోచేది కాదు. ఆయన కోస్తా జిల్లాల్లో ముప్పై ఏళ్లకు పైగా పోలీసు శాఖలో పనిచేసి హెడ్ కానిస్టేబుల్‌గా పదవీ విరమణ చేశారు. అందులో ఎక్కువ కాలం స్టేషన్ రైటర్‌గానే గడిచింది. ఫిర్యాదు రాసుకోవడం, ఎఫ్‌ఐఆర్ కట్టడం, స్టేషన్‌లో జరిగేవన్నీ రోజూ నమోదు చేసే జనరల్ డైరీ నింపడం, నెలాఖరుకు లెక్కలు తయారు చేయడం ఆయన పని. చేతిలో కాగితం లేనిదే పొద్దుగడవని మనిషి.

2010 ఫిబ్రవరి మొదటి వారంలో మంచు తుఫాను వచ్చింది. ఒక్క శుక్ర, శనివారాల్లోనే రెండడుగుల మంచు పడింది. దాన్ని ఎత్తిపోయకముందే మరుసటి వారం మళ్లీ పడింది. రోడ్లు మూతపడ్డాయి, కారు మంచుకింద దిబ్బలా మిగిలింది. అంతకు రెండు రోజుల ముందు మా ఆయన లైబ్రరీ నుంచి ఈ సిరీస్ మొదటి సీజన్ డిస్కులు తెచ్చి పెట్టారు. బాల్టిమోర్‌లో ఉంటూ దీన్ని చూడకపోవడం ఏమిటని ఆఫీసులో ఎవరో అన్నారట.

తెలియనివారి కోసం కొంచెం చెబుతాను. 2002 జూన్ నుంచి 2008 మార్చి వరకు హెచ్‌బీఓ అనే అమెరికన్ టీవీ చానెల్‌లో వచ్చింది. 5 సీజన్లు, 60 ఎపిసోడ్లు. సృష్టికర్త డేవిడ్ సైమన్ అంతకుముందు ‘బాల్టిమోర్ సన్’ పత్రికలో నేరవార్తల విలేకరి. ఆయనతో కలిసి రాసిన ఎడ్ బర్న్స్ అదే నగరంలో హత్యకేసుల డిటెక్టివ్‌గా పనిచేసి, తరువాత బడిపంతులైనవాడు. మొదటి సీజన్ మత్తుమందు ముఠా మీద పోలీసులు పెట్టే ఫోన్ నిఘా. రెండోది ఓడరేవు కూలీలది, మూడోది నగర రాజకీయం, నాలుగోది బడులు, ఐదోది పత్రికా కార్యాలయం. వస్తున్న రోజుల్లో చూసినవారు తక్కువే. అమెరికా టీవీ రంగంలో ఇచ్చే ఎమ్మీ పురస్కారాలకు రెండుసార్లు, అదీ రచనకు మాత్రమే పోటీలో నిలిచింది. ఒక్కటీ రాలేదు. ఇంత పేరు తరువాత వచ్చింది, డిస్కులు చేతులు మారుతూ తిరగడం కూడా అందుకు ఒక కారణం. అలా ఎందుకు జరిగిందో ఆ మంచు రోజుల్లో నాకు కళ్లెదుట కనిపించింది.

పసిబిడ్డ ఉన్న ఇల్లు. రాత్రి రెండింటికి వాడు లేస్తే నేనూ లేవాలి. నిద్రపట్టక నాన్నా లేచి కూర్చునేవారు. టీవీ శబ్దం దాదాపు వినిపించనంతగా తగ్గించి, ఇంగ్లీషు సబ్‌టైటిల్స్ పెట్టుకుని చూడడం మొదలుపెట్టాం. ఆఫీసులో నేను వినే ఇంగ్లీషుకూ ఆ వీధుల ఇంగ్లీషుకూ పోలికే లేదు. శబ్దం పెంచి విన్నా సగం అర్థమయ్యేది కాదేమో. చదువుతుంటే మాత్రం మాటకు మాట దొరికింది. నాన్న ఇంగ్లీషు నెమ్మదిగా చదువుతారు. వరుస పూర్తికాకుండా మారిపోతే రిమోట్ నొక్కి ఆపేవారు. నేను తెలుగులో చెప్పేదాన్ని, మళ్లీ నడిపేవాళ్లం. గంట ఎపిసోడ్‌కు మాకు గంటన్నర పట్టేది.

ఆ ఆపడంలోనే ఈ సిరీస్ తెరుచుకుంది. మామూలు నేరకథల్లో మొదట శవం, చివర దొంగ. మధ్యలో పది నిమిషాలు మనసు పెట్టకపోయినా నష్టం లేదు. ఇక్కడ ఎవరూ మనకు విడమరిచి చెప్పరు. వెనక నుంచి సంగీతం వచ్చి ఇది ముఖ్యమని హెచ్చరించదు. వినిపించే పాట దాదాపు ఎప్పుడూ ఆ గదిలోని రేడియోలోంచో, పోయే కారులోంచో వచ్చేదే. మూడో ఎపిసోడ్‌లో ఎవరో పేరు అలవోకగా అంటారు, తొమ్మిదో ఎపిసోడ్‌లో ఆ పేరే కథ అవుతుంది. వారానికి ఒక్కటి చొప్పున టీవీలో చూసినవాళ్లు ఎంత గుర్తుపెట్టుకోగలరు? డిస్కు చేతిలో ఉంటే వెనక్కి వెళ్లి చూసుకోవచ్చు, నవలలో పేజీ వెనక్కి తిప్పినట్టు.

ఐదో ఎపిసోడ్‌లో పేజర్ల సంకేతం ఉంది. పేజర్ అంటే ఎవరికి ఫోను చేయాలో ఆ నంబరు చూపించే చిన్న పరికరం. ముఠా కుర్రాళ్లు పేజర్‌కు పంపే అంకెలు అసలు ఫోను నంబర్లు కావు. ఫోను మీటల పలకలో 5ను దాటి ఎదుటి అంకెను నొక్కుతారు. 1కి 9, 2కి 8, 3కి 7, 4కి 6. 5కూ 0కూ మాత్రం పరస్పరం మార్పు. ఇది తెలిసే సన్నివేశం దగ్గర నాన్న ఆపమన్నారు. కాగితం, పెన్ను తెచ్చుకుని ఫోను మీటల పలక బొమ్మ వేసుకుని, ఒక్కొక్క అంకెనూ మార్చి చూసుకున్నారు. సరిపోయింది. “చదువురాని పిల్లలు కూడా చీకట్లో నొక్కగలిగేలా పెట్టారమ్మా, అందుకే పట్టుకోవడం కష్టం” అన్నారు. ఉద్యోగం వదిలిన తరువాత ఆయన ముఖంలో అంత వెలుగు నేను చూడలేదు.

రెండో సీజన్ మొదటి ఎపిసోడ్ సంగతి ఇంకా వివరంగా చెప్పాలి. కథానాయకుడనదగ్గ మెక్‌నల్టీని శిక్షగా పడవల విభాగంలో వేస్తారు. నీళ్లలో ఒక అమ్మాయి శవం తేలుతుంది. హత్యకేసుల అధికారి రాల్స్ అది తమ నగర పరిధిలోకి రాదని పక్క కౌంటీకి, అంటే పక్క జిల్లా పోలీసులకు నెట్టేస్తాడు. తేలని కేసు ఒకటి తన పద్దులో చేరకుండా పోయినందుకు సంతోషపడతాడు. మెక్‌నల్టీ కూర్చుని ఆటుపోట్ల పట్టికలు, గాలి దిశ చూసి, శవం నీళ్లలో పడింది నగర పరిధిలోనే అని లెక్కగట్టి, కేసును రాల్స్ నెత్తికే తిరిగి చుడతాడు.

నాన్న దాన్ని మూడుసార్లు వెనక్కి తిప్పించారు. తరువాత కాలువ కథ చెప్పారు. ఆయన పనిచేసిన ఒక స్టేషన్ లిమిట్స్ కాలువ గట్టు దగ్గర ముగిసేవి. అవతలి గట్టు ఇంకో స్టేషన్‌ది. ఎండాకాలం ముగిసి కాలువకు నీళ్లు వదిలినప్పుడల్లా ఏదో ఒక శవం కొట్టుకొచ్చేది. రాత్రివేళ అది ఏ గట్టుకు చేరినా తెల్లారేసరికి ఎదుటి గట్టున ఉండేదట. వెదురుగడతో నెట్టేవారు. ఒకసారి అలా నెట్టుకున్న శవం ఎవరిదో తెలియకుండానే పోయింది. ఏడాది తరువాత ఒక ముసలామె ఫోటో పట్టుకుని, రెండు స్టేషన్లకూ తిరిగింది. ఆవిడ ఫిర్యాదు రాసుకున్నది నాన్నే. “ఆ కాగితం నా చేత్తోనే రాశాను. అప్పటికి చూపడానికి ఏమీ లేదు” అన్నారు. ఆయన నోట ఈ సంగతి నేను అంతకుముందెన్నడూ వినలేదు. అమ్మకు కూడా తెలియదు.

ఏడు సముద్రాల అవతలి నగరం గురించి తీసిన కథ ఒక తెలుగు హెడ్ కానిస్టేబుల్ చేత ముప్పై ఏళ్ల నాటి సంగతి చెప్పించింది. అందుకు నేను ఆ రచయితలకు ఎప్పటికీ రుణపడి ఉంటాను.

మూడో సీజన్‌లో పై అధికారులు నేరాల లెక్కలు తెరమీద వేసి, జిల్లా కమాండర్లను నిలబెట్టి నిలదీసే సమావేశాలుంటాయి. వాటిని చూస్తూ నాన్న ఒకే మాట అన్నారు, “క్రైమ్ మీటింగ్.” మన దగ్గరా నెలనెలా జరిగేదే. అంకె తగ్గాలంటే నేరం తగ్గాలి, లేదా కేసు కట్టడం తగ్గాలి. రెండోది సులువు. దొంగతనమని వచ్చినవాణ్ణి కూర్చోబెట్టి, “ఇంట్లో సరిగ్గా వెతికారా?” అని పంపేయడం ఎలా జరుగుతుందో ఆయన విడమరిచి చెప్పారు. బాల్టిమోర్ అధికారులు దాడి కేసును చిన్న కేసుగా మార్చి రాయించే పద్ధతి ఆయనకు కొత్తగా అనిపించలేదు. నాలుగో సీజన్‌లో పోలీసు ఉద్యోగం వదిలేసిన ప్రెజ్ అనే పాత్ర లెక్కల మాస్టారవుతాడు. పరీక్ష మార్కులు పెంచి చూపించాలని బడిలో చెబుతుంటే, ఇది తాను పోలీసు శాఖలో చూసిందే కదా అని అతనికి తెలిసివస్తుంది. అమ్మ ఆ ఒక్క సీజన్ మాత్రం మొత్తం చూసింది, పిల్లాణ్ణి ఒళ్లో పడుకోబెట్టుకుని. ఆ సీజన్ కథ నలుగురు బడి కుర్రాళ్ల చుట్టూ తిరుగుతుంది, వాళ్లకు ఏమవుతుందో నేనిక్కడ చెప్పను. చివరి ఎపిసోడ్ అయ్యాక అమ్మ రెండు రోజులు మాటిమాటికీ వాళ్ల పేర్లే తలిచింది.

ఇక డిస్కుకూ ఫోనుకూ తేడా. మొదటి సీజన్ పదమూడు ఎపిసోడ్లు ఐదు డిస్కుల్లో ఉంటాయి. రెండో మూడో అయ్యాక లేవాలి, డిస్కు తీయాలి, ఇంకోటి పెట్టాలి. మా ఇంట్లో మాటలన్నీ ఆ లేచిన వేళల్లోనే జరిగాయి. ఎపిసోడ్ ముగియగానే తరువాతిది దానంతటదే మొదలైపోయి ఉంటే, కాలువ కథ బయటికి వచ్చేది కాదని నా గట్టి నమ్మకం. ప్రతి ఎపిసోడ్‌కూ ముందొచ్చే పాట కూడా దాటవేయవద్దు. పాట ఒకటే, సీజన్‌కు ఒక గొంతు. నాలుగో సీజన్‌లో పాడింది బాల్టిమోర్ కుర్రాళ్లే. మూడో సీజన్‌లో ఒక డిటెక్టివ్‌కు తోటివారు బారులో జరిపే వీడ్కోలు ఉంటుంది. ఆ పాత్ర వేసిన రాబర్ట్ కోల్స్‌బెరీ ఈ సిరీస్ నిర్మాతల్లో ఒకరు, 2004లో నిజంగానే చనిపోయారు. అది చెప్పగానే నాన్న ఆ సన్నివేశాన్ని మళ్లీ పెట్టించుకుని, చివరిదాకా నిలబడే చూశారు.

బొమ్మ విషయం కూడా ఉంది. దీన్ని పాత టీవీల చదరపు తెరకు తగినట్టు, 4:3 కొలతలో తీశారు. డీవీడీల్లో ఉన్నది ఆ రూపమే. 2014 చివర్లో వెడల్పు తెరకు మార్చి, మరింత స్పష్టంగా తయారుచేశారు. 2015లో వచ్చిన బ్లూ-రేలో ఉన్నది ఈ కొత్త రూపం. ఈ మార్పులో కొన్ని సన్నివేశాలకు లాభం, కొన్నింటికి నష్టం జరిగిందని సైమనే రాశారు. నాకైతే పాత ఇరుకు చట్రమే నచ్చుతుంది. ఆ మనుషులు ఇరుక్కుపోయిన తీరు అందులోనే బాగా తెలుస్తుంది.

కొనేముందు ఒక జాగ్రత్త. డిస్కు ఏ ప్రాంతపు ప్లేయర్‌లో ఆడాలో చెప్పే గుర్తు ఒకటి దానిలో ఉంటుంది, దాన్నే రీజియన్ అంటారు. అమెరికా డీవీడీలు రీజియన్ 1, భారతదేశం రీజియన్ 5. బ్లూ-రే అయితే అక్కడ ఎ, ఇక్కడ సి. నాన్న తిరిగి వెళ్లేటప్పుడు ఐదు సీజన్లూ కొని పెట్టెలో సర్ది పంపాను. ఈ సంగతి నాకు తెలియలేదు. ఇంటికి చేరాక ప్లేయర్ ఒక్క డిస్కునూ తీసుకోలేదు. కంప్యూటర్ డ్రైవులో రీజియన్ మార్చుకోవచ్చు గాని ఐదుసార్లే, ఆ తరువాత చివరగా పెట్టిన రీజియనే స్థిరపడిపోతుంది. చివరికి అన్ని రీజియన్లూ ఆడే ప్లేయర్‌ను మా బాబాయి విజయవాడలో సంపాదించి ఇచ్చాడు. మీరు భారతదేశంలో ఉంటే ముందు ప్లేయర్ సంగతి తేల్చుకుని డిస్కులు కొనండి. అమెరికాలో ఉంటే మీ ఊరి లైబ్రరీలో అడగండి, ఉచితంగా దొరికే అవకాశం ఎక్కువ.

వెళ్లే ముందు నాన్న కోరి మరీ ఓడరేవు క్రేన్లు చూస్తానన్నారు. కీ బ్రిడ్జి మీదుగా తీసుకెళ్లాం. 2024 మార్చిలో ఓడ ఢీకొని ఆ వంతెన కూలినప్పుడు, నాకంటే ముందు ఆయనే ఫోను చేశారు. రాత్రి వంతెన మీద పనిచేస్తున్న కూలీలు ఎంతమంది, దొరికారా అని అడిగారు.

ఆ డిస్కులు ఇప్పటికీ ఆడుతున్నాయి. ప్రతి పెట్టెలో నాన్న రాసిన చీటీ ఒకటి ఉంటుంది. తేదీ, చూసిన ఎపిసోడ్, ఆపిన చోటు, నిమిషాలతో సహా, జనరల్ డైరీలో రాసినట్టే. పోయిన నెల ఫోను చేసి, “అమ్మా, నాలుగో సీజన్ మూడో డిస్కు మీద గీతపడింది, ముప్పై రెండో నిమిషం దగ్గర ఆగిపోతోంది. నువ్వు వచ్చేటప్పుడు ఆ ఒక్కటి తేగలవా?” అన్నారు. ఒక్క డిస్కు విడిగా అమ్మరు కాబట్టి ఆ సీజన్ మొత్తం కొన్నాను.