తోటల్లో సర్వేకి ఏ యాప్ మేలు?

ప్రశ్న: చిత్తూరు జిల్లాలో 200 మంది తోతాపురి మామిడి రైతులను కలిసి విస్తీర్ణం, దిగుబడి, అందిన ధర, తోట ఫొటో సేకరించాలి. మేం ఆరుగురం. కొండ పక్క తోటల్లో సిగ్నల్ అందదు. గూగుల్ ఫారమ్స్ చాలా?
– ఒక పాఠకుడు, బంగారుపాళ్యం

జవాబు: చాలదు. అందులో సబ్మిట్ నొక్కేటప్పుడు నెట్ ఉండాలి. ఫొటో అడిగితే నింపేవారు గూగుల్ ఖాతాతో లాగిన్ కూడా కావాలి. మీ పనికి, నెట్ లేనిచోటా వివరాలు సేకరించగల సర్వే సాధనం కోబో టూల్‌బాక్స్ తగినది. కంప్యూటర్‌లో ఫారం తయారుచేసి డిప్లాయ్ (వాడకానికి విడుదల) చేయండి. ఆరు ఆండ్రాయిడ్ ఫోన్లలో కోబో కలెక్ట్ యాప్ వేసి, సర్వర్ అడ్రసు, యూజర్ నేమ్, పాస్‌వర్డ్ ఇచ్చి, నెట్ ఉన్నచోటే ఖాళీ ఫారం దించుకోండి. ఇక తోటలో నెట్ అక్కర్లేదు. నింపినవి ఫోన్‌లోనే ఉంటాయి, ఊళ్లోకొచ్చాక పంపొచ్చు. పంపకముందే యాప్ తీసేస్తే మాత్రం అవన్నీ పోతాయి. అందుకే ఏ రోజువి ఆ రోజే పంపి, సర్వర్‌లో సంఖ్య సరిచూసుకోండి.

యాప్ కన్నా ఎక్కువగా సర్వేని చెడగొట్టేది కొలతలు. ఒకరు ‘ఎకరన్నర’ అనీ, ఇంకొకరు ‘150 సెంట్లు’ అనీ రాస్తే కూడిక కుదరదు. ఎకరాలకో గడి, సెంట్లకో గడి పెట్టండి. రెండింట్లోనూ అంకెలే పడాలి, సెంట్లు 99 దాటకూడదు. ధరను ఒకే ప్రశ్నగా అడక్కండి. 2025 సీజన్‌లో తోతాపురికి ప్రకటించిన కిలో 12 రూపాయల్లో గుజ్జు ఫ్యాక్టరీ ఇవ్వాల్సింది 8, ప్రభుత్వ సాయం 4. రైతు ఏది కలిపి చెబుతున్నాడో తెలియకపోతే ఆ అంకెతో ఉపయోగం లేదు. ఫ్యాక్టరీ ఇచ్చింది ఎంత, సాయం చేతికందిందా అని విడివిడిగా అడగండి. కిలోకా, టన్నుకా అన్నది ప్రశ్నలోనే రాయండి.

ముందు అయిదుగురు రైతుల దగ్గర పరీక్షించి, తప్పులు దిద్దాకే మిగతావారి దగ్గరికి వెళ్లండి. మధ్యలో ప్రశ్నలు మారిస్తే మళ్లీ డిప్లాయ్ చేయాలి, ఆరు ఫోన్లలోనూ కొత్త ఫారం దించుకోవాలి. ఫలితాలను సీఎస్‌వీగా (కామాలతో విడదీసిన టెక్స్ట్ ఫైలుగా) కాక ఎక్సెల్ ఫైలుగా దించుకోండి. సీఎస్‌వీని నేరుగా ఎక్సెల్‌లో తెరిస్తే తెలుగు అక్షరాలు చెదిరిపోవచ్చు.

ప్రశ్న: హాస్టల్ మెస్ గురించి 150 మంది అభిప్రాయం కావాలి. ఒకరే రెండుసార్లు నింపకూడదు, పేర్లూ బయటపడకూడదు.
– ఒక విద్యార్థిని, తిరుపతి

జవాబు: మీకు గూగుల్ ఫారమ్స్ చాలు. సెట్టింగ్స్‌లో ఒకరికి ఒక్క జవాబే అన్నది ఆన్ చేయండి, ఈమెయిల్ సేకరణ ఆఫ్‌లో ఉంచండి. అప్పుడు జీమెయిల్‌తో లాగిన్ కావాలి గానీ ఆ అడ్రసు మీకు కనిపించదు. లాగిన్ అడగ్గానే పేరు తెలిసిపోతుందని చాలామంది వెనక్కి తగ్గుతారు కాబట్టి, ఈ సంగతి ఫారం మొదట్లోనే రాయండి.