నక్షత్రాలు చూసి న్యాయవాదిని ఎంచుకోవచ్చా?

ప్రశ్న: మేము మారతహళ్ళిలో అద్దెకున్న ఇల్లు ఖాళీ చేసి ఆరు నెలలు కావస్తున్నా యజమాని అడ్వాన్సు తిరిగి ఇవ్వడం లేదు. కేసు వేద్దామని ఇంటర్నెట్‌లో వెతికితే, వందల మంది రేటింగు ఇచ్చిన ఒక న్యాయవాదికి 4.9 ఉంది. మావారి సహోద్యోగి చెప్పిన న్యాయవాదికి పదిమంది కూడా రాయలేదు, రేటింగు 3.4. ఎవరిని నమ్మాలి?
– ఒక పాఠకురాలు, బెంగళూరు

జవాబు: ఆ రెండు అంకెల్లో దేన్నీ ఆధారం చేసుకోవద్దు. సివిల్ దావా తేలడానికి ఏళ్లు పట్టవచ్చు, రేటింగు మాత్రం తరచుగా మొదటి సంప్రదింపు ముగియగానే పడుతుంది. అందువల్ల అందులో తెలిసేది ఆఫీసులో దొరికిన మర్యాదే తప్ప, దావా ఎంత పకడ్బందీగా రాశారో, సాక్షిని ఎలా ప్రశ్నించారో కాదు.

తక్కువ రేటింగును ఇంకా జాగ్రత్తగా చూడాలి. ఓడిన కక్షిదారు మాత్రమే కాదు, అవతలి పక్షం వారు కూడా కోపంతో ఒక్క నక్షత్రం ఇచ్చి పోగలరు. దానికి న్యాయవాది వివరంగా బదులివ్వలేరు, ఎందుకంటే కక్షిదారు చెప్పిన విషయాలను ఆయన అనుమతి లేకుండా బయటపెట్టకూడదని సాక్ష్యాలకు సంబంధించిన చట్టమైన భారతీయ సాక్ష్య అధినియం, 2023లోని 132వ సెక్షను కట్టడి చేస్తోంది. ఒక పక్షం మాటే వినిపించే చోట అంకెకు విలువ ఎక్కడిది?

పైగా, న్యాయవాద వృత్తిని నియంత్రించే బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 36వ నియమం ప్రకారం న్యాయవాదులు ప్రకటనలతో గానీ, దళారుల ద్వారా గానీ కేసులు రాబట్టుకోకూడదు. 2008 సవరణతో సొంత వెబ్‌సైట్‌లో పేరు, చిరునామా, ఎన్‌రోల్‌మెంట్, చదువు, ప్రాక్టీసు రంగం వంటి వివరాలు పెట్టుకునే వీలు మాత్రం వచ్చింది. 2024 జూలైలో మద్రాసు హైకోర్టు, న్యాయవాదులకు రేటింగులివ్వడం వృత్తి విలువలను కించపరుస్తుందని చెప్పింది. నా ఆందోళన వృత్తి గౌరవం కన్నా మీ సొమ్ము గురించి. నియమానికి కట్టుబడి ఎవరినీ రివ్యూ అడగని న్యాయవాదికి తక్కువ రివ్యూలే ఉండటం సహజం, దాన్ని లోపంగా లెక్కించకండి.

ఈకోర్ట్స్ వెబ్‌సైట్‌లో న్యాయవాది పేరుతో వెతికితే ఆయన వాదిస్తున్న కేసులు, వాటి దశ కనిపిస్తాయి. సొమ్ము వసూలు దావాలు, అద్దె వివాదాలు ఉన్నాయా అని చూడండి. తరువాత ఇద్దరినీ కలిసి, మీ అద్దె ఒప్పందం, అడ్వాన్సు చెల్లించిన బ్యాంకు వివరాలు చూపించి, ముందుగా ఏం చేస్తారో, ఫీజు ఎంతో, వాయిదాలకు స్వయంగా వస్తారో లేక జూనియర్‌ను పంపుతారో అడగండి. గెలుపు ఖాయమని మాట ఇచ్చేవారిని నేనైతే ఎంచుకోను.

ఈ ఎంపిక ముందే సరిగ్గా చేసుకోవడానికి ఇంకో కారణం ఉంది. న్యాయవాది సేవలో లోపం ఉందని వినియోగదారుల ఫోరంకు వెళ్లే దారిని సుప్రీంకోర్టు 2024 మే 14 తీర్పుతో మూసివేసింది. వృత్తిపరమైన దుష్ప్రవర్తన ఉంటే, అడ్వొకేట్స్ చట్టం, 1961లోని 35వ సెక్షను కింద రాష్ట్ర బార్ కౌన్సిల్‌కు ఫిర్యాదు చేయవచ్చు.

సొమ్ము వసూలు దావాకు సాధారణంగా 3 సంవత్సరాల గడువు ఉంటుంది కనుక హడావుడి పడనక్కరలేదు, అలాగని వాయిదా వేయనూ వద్దు. ఒప్పందం మీ పేరున ఉంటే, మహిళలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం పొందే హక్కు ఉంది. న్యాయ సహాయ హెల్ప్‌లైన్ 15100 నంబరుకు ఫోన్ చేసి కనుక్కోండి.