వాన పడితేనే మిస్సింగ్ ఎందుకు?

ప్రశ్న: మేస్త్రి గారూ, నాది పెట్రోలు, సీఎన్‌జీ రెండూ ఉన్న కారు. 72 వేల కిలోమీటర్లు తిరిగింది. ఏలూరు నుంచి విజయవాడకు రోజూ వెళ్లొస్తాను. వాన పడ్డ రోజు గ్యాస్ మీద బెంజ్ సర్కిల్ ఫ్లైఓవర్ ఎక్కుతుంటే బండి జర్కులిస్తుంది, చెక్ ఇంజిన్ లైటు ఆరి వెలుగుతుంటుంది. దిగాక మామూలే. పెట్రోలు మీద ఈ బాధ చాలా తక్కువ. స్కానర్ పెడితే పి0303 వచ్చింది. ప్లగ్గులు మార్పిస్తే పది రోజులు బాగుంది, మళ్లీ మొదలైంది. ఇప్పుడు ఈసీఎం (ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్) మార్చాలంటున్నారు. మార్చమంటారా?
– ఒక పాఠకుడు, ఏలూరు

జవాబు: వద్దండీ, ఈసీఎం జోలికి ఇప్పుడే వెళ్లకండి. వాన, ఎత్తు, గ్యాస్ అని మీరు రాసిన మూడు మాటలూ ఒకే వైపు చూపిస్తున్నాయి. పి0303 అంటే 3వ సిలిండర్‌లో మిస్సింగ్, అంటే అక్కడ ఇంధనం సరిగా కాలడం లేదని. నాకు అనుమానం ఆ సిలిండర్ కాయిల్ (ప్లగ్గుకు ఎక్కువ వోల్టేజీ కరెంటు పంపేది) మీద, అందులోనూ ప్లగ్గు మీద కూర్చునే రబ్బరు బూటు మీద.

ఎత్తెక్కేటప్పుడు యాక్సిలరేటర్ తొక్కుతాం, సిలిండర్‌లోకి గాలి ఎక్కువ వెళ్తుంది, ఒత్తిడి పెరుగుతుంది. అంత ఒత్తిడిలో ప్లగ్గు దగ్గర నిప్పురవ్వ దూకాలంటే ఎక్కువ వోల్టేజీ కావాలి. సీఎన్‌జీకి పెట్రోలు కంటే ఇంకా ఎక్కువ కావాలి. బూటుకు వెంట్రుకంత పగులుండి, దానికి తేమ తోడైతే, కరెంటు ప్లగ్గు దాకా పోకుండా పక్కనున్న ఇంజిన్ లోహంలోకి జారిపోతుంది. అందుకే గ్యాస్ కిట్‌దే తప్పని కూడా అప్పుడే అనుకోవద్దు.

ప్లగ్గులు మార్చాక పది రోజులు బాగుండటం నాకు ముఖ్యమైన గుర్తు. కరెంటు జారిన చోట బూటు లోపల సన్నటి నల్ల గీత పడుతుంది. పాత బూటు కిందే కొత్త ప్లగ్గు పెడితే, కొన్నాళ్లకు దాని తెల్ల పింగాణీ మీదా అదే గీత పడుతుంది. నా షెడ్డులోనూ ఒకసారి ఇలాగే జరిగింది. ఒకాయన కారుకు ప్లగ్గులు మార్చాను, ఇంజెక్టర్లు క్లీన్ చేశాను, డబ్బులు తీసుకున్నాను. బండి మూడుసార్లు తిరిగొచ్చింది. చివరికి బూటు ఊడదీసి టార్చి వేసి చూస్తే గీత కనిపించింది. ఇంజెక్టర్ల డబ్బులు ఆయనకు తిరిగిచ్చేశాను. అప్పటినుంచి పరీక్ష చేయకుండా ఏ పార్టూ మార్చలేదు.

ఆ పరీక్షకు ఖర్చు లేదు. ఇంజిన్ ఆపి, చల్లారాక, 3వ కాయిల్ తీసి 1కి, 1ది 3కి పెట్టించండి. ప్లగ్గులు కదపొద్దు. కోడ్ చెరిపే ముందు ఫ్రీజ్ ఫ్రేమ్ రాసుకోమనండి. మిస్సింగ్ వచ్చినప్పుడు ఇంజిన్ ఆర్‌పీఎం, లోడు, వేడి ఎంతున్నాయో అందులో ఉంటుంది. తర్వాత వాన రోజున మళ్లీ నడపండి. ఈసారి పి0301 (1వ సిలిండర్‌లో మిస్సింగ్) వస్తే జబ్బు కాయిల్‌తోపాటు కదిలినట్టే. అప్పుడు బూటు విడిగా దొరికితే బూటు, లేదంటే కాయిల్ మార్చి, గీత పడ్డ ప్లగ్గు కూడా తీసేయండి. పి0303 అలాగే ఉంటే ప్లగ్గును అటూ ఇటూ మార్చి చూడాలి, ఆపైన ఇంజెక్టర్ వైరు (ఎలుక కొరికిందేమో కూడా), చివర్న కంప్రెషన్ (సిలిండర్ గాలిని సరిగా నొక్కిపెడుతోందా అని) చూడాలి.

కాయిల్ తీసినప్పుడు ప్లగ్గు గుంటలో ఆయిల్ ఉందేమో చూడమనండి. ఉంటే ట్యాపెట్ కవర్ ప్యాకింగ్ పోయినట్టు. అది మార్చకపోతే ఆ ఆయిల్‌కు కొత్త బూటు రబ్బరు కూడా మెత్తబడి పాడవుతుంది.

ఇంజిన్ నడుస్తుండగా కాయిల్ పీకి చూసే అలవాటు కొందరికుంది. దయచేసి మీ బండికి అలా చేయనివ్వకండి, వేల వోల్టుల షాక్ అది. లైటు ఆరి వెలుగుతున్నప్పుడు మాత్రం యాక్సిలరేటర్ తగ్గించి, వీలైన చోట పక్కకు ఆపండి. కాలని ఇంధనం సైలెన్సర్ దారిలోని క్యాటలిటిక్ కన్వర్టర్‌లోకి వెళ్లి అక్కడ కాలుతుంది. అది కరిగిందంటే కాయిల్ ఖర్చుకు ఎన్నో రెట్లు పెట్టాలి.

కాయిళ్లు అటూ ఇటూ మార్చి పెట్టాక ఏ కోడ్ వచ్చిందో నాకు తప్పకుండా రాయండి.