పీలింగ్ సెక్షన్ చేతికి తీసుకుంటున్న అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి పెద్దమ్మ దీవించి రాస్తున్న ఉత్తరం.

మీ రొయ్యల ప్లాంటులో నిన్ను పీలింగ్ సెక్షన్‌కి, అదే రొయ్య తల తీసి ఒలిచే హాలుకి, ఇన్‌ఛార్జిగా వేశారని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. చాలా సంతోషమేసింది. ఆ సెక్షన్ ఏడాదిగా ఎవరి మాటా వినడం లేదని, రోజుకి దిగే టబ్బులు తగ్గిపోయాయని, కాటా దగ్గర రోజూ గొడవలేనని కూడా చెప్పింది. ముందున్న సూపర్‌వైజరుకి ఇంకో రెండు సెక్షన్లు అప్పగించడంతో ఆయన పీలింగ్ హాల్లోకి వచ్చేదే తక్కువట. ఇప్పుడు మేనేజరు నీతో "వాళ్లను దారిలో పెట్టాలి" అన్నాడట. ఆ మాట పట్టుకుని నువ్వు మొదటి రోజే గొంతు పెంచుతావేమోనని ఈ ఉత్తరం రాస్తున్నాను.

టైగర్ రొయ్య ఉన్న రోజుల్లో హాల్లోకి వెళ్లాను. 2009 తర్వాత వనామీ రకం రొయ్య వచ్చి హాళ్లు నాలుగింతలు పెరిగినా అక్కడే ఉన్నాను. చూసినంతలో గట్టిగా చెప్పగలిగింది ఒకటుంది. బాగా చేసేవాళ్ల పనిని గమనించే మనిషి లేకపోయిన రోజునే సెక్షన్ చెడిపోవడం మొదలవుతుంది. ఎగ్గొట్టేవాళ్లు ఏ హాల్లోనైనా నలుగురైదుగురు ఉంటారు. వాళ్ల వల్ల పని ఆగదు. కానీ మెడ దగ్గర కండ పోకుండా తల తీసే మనిషికీ, కండంతా తలతోపాటు చెత్త తొట్లో పడేసే మనిషికీ చీటీ మీద ఒకే అంకె పడుతుంటే, ఆ మంచి చెయ్యి ఎన్నాళ్లు ఓపిక పడుతుంది? ముందు శ్రద్ధ వదిలేస్తుంది, తర్వాత వేగమూ తగ్గిస్తుంది. ఆమెను చూసి పక్కనున్న పదిమంది తగ్గిస్తారు. మేనేజరు కంటికి కనపడేది ఆ చివరి మెట్టు ఒక్కటే.

కాబట్టి మొదటి నాలుగైదు రోజులు ఎవరినీ ఏమీ అనకు. చూడు. చూడమన్నానని ఆడవాళ్ల వెనక నిలబడి చేతులు చూడొద్దు. ముందు సరుకు దిగే చోట, ఐసు దగ్గర నిలబడు. అల్లూరు వైపు నుంచో, కొత్తపట్నం వైపు నుంచో బండి ఎన్నింటికి వచ్చింది, హాల్లోకి మొదటి టబ్బు ఎన్నింటికి చేరింది, మధ్యలో ఐసు కోసం ఎంతసేపు ఆగారు, ఇవి రాసుకో. రొయ్యల గుంటల్లో పట్టుబడి ఎప్పుడైతే అప్పుడే సరుకు వస్తుంది, అది మన చేతిలో లేదు. కానీ సింగరాయకొండ, ఉలవపాడు చుట్టుపక్కల ఊళ్ల నుంచి వ్యాన్‌లో పొద్దున్నే తెచ్చి కూర్చోబెట్టిన మనుషులు సరుకు లేక తొమ్మిది దాకా ఖాళీగా ఉంటే, ఆ వేళకి వాళ్లకి కూలి లేదు. టబ్బుకింత అని ఇచ్చే చోట ఖాళీగా కూర్చున్న మనిషికి లోపల మండుతూ ఉంటుంది. సరుకు దిగాక పరుగులు పెట్టి చేయమంటే చేయరు, చేసినా చేతికి వచ్చినట్టు చేస్తారు. ఈ ఒక్క విషయం నువ్వు లెక్క కట్టి మేనేజరు ముందు పెట్టగలిగితే వాళ్లకి నీ మీద సగం నమ్మకం వస్తుంది. బండి బయల్దేరగానే ఫోన్ చేయించుకుని వ్యాన్ టైము దాన్నిబట్టి మార్చుకోవడం పెద్ద కష్టమేమీ కాదు. చేసేవాళ్లు లేక జరగడం లేదు, అంతే.

ఇంకోటి, "టబ్బులు తగ్గాయి" అన్న మాటని అలాగే తీసుకోకు. ఏ కౌంటు మీద తగ్గాయో అడుగు. 40 కౌంటు అంటే కిలోకి 40 రొయ్యలు, 80 కౌంటు అంటే 80. ఇరవై కిలోల టబ్బు అనుకో, ఒకదాంట్లో 800 తలలు తీయాలి, ఇంకోదాంట్లో 1,600. చిన్న సైజు ఎక్కువగా వచ్చిన నెలలో టబ్బులు సగానికి పడితే అది ఎవరి బద్ధకమూ కాదు. అమావాస్యకీ పౌర్ణమికీ రొయ్య ఎక్కువగా గుల్ల వదులుతుంది, ఆ రోజుల్లో పట్టిన సరుకులో మెత్తగుల్ల ఎక్కువుంటుంది, చేతిలో నలిగిపోతుంది, నెమ్మదిగా ఒలవాలి. నీ పుస్తకంలో తేదీ, కౌంటు, సరుకు ఎలా ఉంది, ఎంతమంది వచ్చారు, ఎన్ని టబ్బులు, ఈ ఐదూ పక్కపక్కనే ఉండాలి. అలా రాసుకోకుండా నిన్నటితో ఇవాళ్టిని పోల్చి మాట్లాడే మేనేజర్లని చాలామందిని చూశాను. ఆ మాటలు విన్న ఆడవాళ్లు మనసులో ఏమనుకుంటారో కూడా నాకు తెలుసు.

ఇప్పుడు అసలు గొడవ దగ్గరికి వస్తాను. కాటా దగ్గర రోజూ తగాదా అవుతోందంటే టబ్బులు పంచడంలో ఏదో జరుగుతోందని అర్థం. కౌంటు ఏదైనా టబ్బుకి ఒకటే రేటు ఇచ్చే చోట పెద్ద సైజు దొరికిన మనిషికి పండగే. చూసేవాళ్లు లేని హాల్లో పెద్ద సైజు టబ్బులు మేస్త్రి మనుషుల వరసకో, కాటా కుర్రాడికి తెలిసినవాళ్లకో పోతాయి. మిగిలినవాళ్లకి 80లు, 100లు. ఇది ఒక్క నెల సాగితే చాలు, హాలు రెండు ముక్కలవుతుంది. నువ్వు చేయాల్సిందల్లా టబ్బుకి నెంబరేసి, వరసల ప్రకారం అందరి కళ్లముందూ పంచడం. ఏ వరసకి ఏ కౌంటు పోయిందో గోడ మీద బోర్డులో సుద్దముక్కతో రాయించు. కౌంటునిబట్టి రేటు పెట్టమని మేనేజరుని అడుగుతూనే ఉండు, అది వచ్చేదాకా వంతుల పద్ధతి తప్పనివ్వకు. ఇన్నాళ్లూ పెద్ద సైజు తిన్నవాళ్లు ఊరుకోరు. వాళ్లలో నిజంగా చెయ్యి తిరిగినవాళ్లూ ఉంటారు. బోర్డు పెట్టే ముందురోజే వాళ్లని పక్కకి పిలిచి, రేపటి నుంచి ఇలా ఉంటుందమ్మా అని నువ్వే చెప్పు. నలుగురిలో తెలిస్తే అది వాళ్లకి అవమానంగా ఉంటుంది.

పంపకం కుదురుకున్నాక చేతిపని వైపు రా. రొయ్య తల తీయడం నీకు తెలిసిందే అయినా రాస్తున్నాను, ఎందుకంటే హాలు చెడిన సంగతి మొదట బయటపడేది ఇక్కడే. బొటనవేలి కొస తల గుల్ల కిందికి పోనిచ్చి, కాస్త పైకి లేపి లాగితే మెడ కండ ఒంటికే ఉండిపోతుంది. హడావిడిగా తిప్పి పీకితే ఆ కండ ముక్క తలతోపాటు పోతుంది. వంద కిలోల వనామీకి తల తీశాక 65 కిలోల దాకా మిగలాలి. అందులో రెండు కిలోలు తగ్గినా ఎవరికీ కనపడదు. కానీ రోజుకి ఐదు టన్నుల సరుకు ఆడే హాల్లో అది వంద కిలోల కండ. చూడాలంటే మనుషుల చేతులు చూడక్కర్లేదు, చెత్త తొట్టి చూడు. గుప్పెడు తలలు తీసి వేలితో నొక్కితే తెల్లటి కండ బయటికి వస్తుంది. ఏ వరస తొట్లో తలలు శుభ్రంగా ఉన్నాయో ఆ వరస దగ్గరికే వెళ్లి, పేరు పెట్టి, నలుగురికీ వినపడేలా మెచ్చుకో. కండ పోతున్న వరసకి మాత్రం పేర్లు చదవకు. బాగా చేసే మనిషిని ఒక పూట వాళ్ల పక్కన నిలబెట్టు, ఆ పూట ఆమె టబ్బులు తగ్గుతాయి కాబట్టి ఆ కూలి ఇప్పించు. ఇది ఉచితంగా చేయించుకోవాలని చూస్తే రెండోసారి ఎవరూ రారు.

టాయిలెట్‌కి ఎక్కువసార్లు పోతున్నారని కాటా కుర్రాడు నీకు చెప్తాడు. వినకు. గ్లౌజులు తీసి, ఏప్రాన్ విప్పి, గంబూట్లు మార్చి, వెళ్లొచ్చి మళ్లీ అన్నీ తొడుక్కుని, చేతులు కడిగి క్లోరిన్ నీళ్లలో ముంచి టేబుల్ దగ్గరికి రావడానికి ఆగమేఘాల మీద వచ్చినా చాలాసేపు పడుతుంది. దానికి భయపడి నీళ్లు తాగడం మానేసి జబ్బు తెచ్చుకున్న ఆడవాళ్లని ఎరుగుదును. ఆ చేతుల్ని కూడా ఒకసారి దగ్గరగా చూడు. రోజంతా ఐసు నీళ్లలో నాని వేళ్ల సందులు తెల్లగా పాసిపోయి ఉంటాయి, రొయ్య తలమీది ముల్లు గుచ్చుకున్న చోట చీము పడుతుంది. చిరిగిన గ్లౌజు అడిగిన వెంటనే మార్చి ఇవ్వడం కంటే నువ్వు వాళ్లకి చేయగల పెద్ద ఉపకారం లేదు. పుండున్న చేయి సరుకుకీ మంచిది కాదు, ఆ మనిషిని ఆ రోజుకి ప్యాకింగ్‌కో మరోదానికో మార్చు, కూలి కోయకుండా మార్చు.

టీ విరామం పావుగంటది ముప్పావుగంట అవుతోందని మీ అమ్మ అంది. క్యాంటీన్‌లో టీ పోసే చోటు ఒక్కటే అయితే అందరినీ ఒకేసారి వదిలితే అంతే అవుతుంది. రెండు జట్లుగా వదులు.

శుభ్రత విషయంలో మాత్రం మొదటి రోజు నుంచే గట్టిగా ఉండాలి, ఇక్కడ ఓపిక పట్టొద్దు. గాజులు, ఉంగరాలు, నోట్లో వక్క, హాల్లో ఫోను, ఇవన్నీ పట్టించుకునేవాళ్లు లేకపోతే ఒకదాని వెంట ఒకటి వచ్చేస్తాయి. మనం ఒలిచిన రొయ్య అమెరికా, యూరప్, జపాన్ వెళ్తుంది, అక్కడ పరీక్షలో తేడా వస్తే కంటైనరే వెనక్కి వస్తుంది, ఆ నష్టం తిరిగి మన వ్యాన్‌లో వచ్చే మనుషుల పనిదినాల మీదే పడుతుంది. ఈ సంగతి వాళ్లకి వివరంగా చెప్పు, వింటారు. కానీ చేతులు ముంచే తొట్టిలో నీళ్లు పొద్దున పోసినవే మధ్యాహ్నం దాకా ఉంటే ఎవరు ముంచుతారు? ఆ నీళ్లు వేళకి మార్పించడం నీ పని. హాల్లోకి వచ్చిన ప్రతిసారీ మేనేజరు కూడా టోపీ పెట్టుకుని చేతులు ముంచాకే లోపలికి రావాలని ఆయనకి మర్యాదగా చెప్పు. ఫోన్లు బయట పెట్టించేటప్పుడు, హాలు బయట ఒక నెంబరు పెట్టించి అది ఇళ్లల్లో ఇచ్చుకోమను. చాలామంది ఫోన్ దాచుకునేది స్కూల్లో పిల్లకి ఒంట్లో బాగాలేదని కబురొస్తే తెలియదేమోనన్న టెన్షన్‌తోనే.

ఐసు తోసే మగపిల్లల నోటిదురుసు గురించి ఎవరూ నీకు నేరుగా చెప్పరు. చూసేవాళ్లు లేని సెక్షన్‌లో అదీ పెరిగే ఉంటుంది. నవ్వులాటగా తీసుకోకు. పదిమంది, ఆపైన పనిచేసే చోట ఆడవాళ్లపై లైంగిక వేధింపుల ఫిర్యాదులు వినే కమిటీ ఉండాలని 2013 నాటి చట్టం. మీ ప్లాంటులో ఆ కమిటీలో ఎవరున్నారో కనుక్కుని ఆ పేర్లు బట్టలు మార్చుకునే గదిలో అంటించు. పేర్లు కనపడగానే సగం నోళ్లు మూతపడతాయి.

మేస్త్రితో జాగ్రత్త. రానివాళ్ల పేర్లు హాజరులో వేయడం, ఒకరి టబ్బు ఇంకొకరి చీటీలో కలపడం, ఇవి ఆయన చేతిమీదుగానే జరుగుతాయి. కానీ సంక్రాంతి తర్వాత మనుషులు రాని రోజుల్లో ఊరూరా తిరిగి తెచ్చేదీ ఆయనే. అందరిలో పట్టుకుని నిలదీస్తే మర్నాడు వ్యాన్ ఖాళీగా వస్తుంది. నీ పుస్తకం, ఆయన పుస్తకం పక్కపక్కన పెట్టుకుని, గదిలో కూర్చుని, తేడా చూపించి ఊరుకో. రెండోసారి కూడా తేడా వస్తేనే మేనేజరు దగ్గరికి తీసుకెళ్లు. కూలి నేరుగా బ్యాంకులో పడేలా, పీఎఫ్, ఈఎస్‌ఐ నెంబర్లు ఎవరివి వాళ్ల చేతిలో ఉండేలా చూడు. ఓటీ చేయిస్తే రెట్టింపు రావాలి. అది ఎగ్గొట్టి పని పెరగాలనుకునే యాజమాన్యానికి నువ్వెంత మంచి సూపర్‌వైజరువైనా ఏమీ చేయలేవు, ఆ సంగతి ముందే తెలుసుకో.

2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకం 50 శాతానికి పెంచినప్పుడు హాళ్లన్నీ ప్లాంటు మూసేస్తారన్న పుకార్లే. రేపు ఉంటుందో లేదో తెలియని పనిని ఎవరు మనసుపెట్టి చేస్తారు? అలాంటి మాట మళ్లీ బయల్దేరితే నీకు తెలిసినంత నిజం పొద్దున్నే అందరికీ చెప్పు. వచ్చే వారం నాలుగు రోజులే పని ఉంటుందంటే నాలుగే అని చెప్పు.

అన్నీ మెత్తగానే చేయమనడం లేదు. పక్కమనిషి టబ్బు లాక్కునేవాళ్లు, ఎక్కువ చేస్తే ఊరుకోమని మంచి చేతుల్ని బెదిరించేవాళ్లు ఒకరిద్దరు ఉంటారు. ఒకసారి చెప్పి చూడు. మారకపోతే వెంటనే ఇంకో సెక్షన్‌కి మార్పించు, అక్కడా అంతే అయితే పంపించెయ్. వాళ్లని ఉంచి నువ్వు ఎన్ని బోర్డులు రాసినా ఎవరూ నమ్మరు.

నీ వేళ గురించి ఒక మాట. షిఫ్టు మొదలైన మొదటి అరగంట, అన్నం తిన్న తర్వాతి అరగంట నువ్వు హాల్లోనే ఉండాలి, ఆ వేళల్లో ఏ మీటింగూ పెట్టుకోకు. గ్లేజింగ్, అంటే గడ్డకట్టిన రొయ్యకి ఐసు పూత వేసే పని కూడా కాస్త చూసుకోమని ఆరు నెలల్లో నిన్నూ అడుగుతారు. నీ ముందాయనకి జరిగింది అదే. కుదరదని నోటితో చెప్పి ఊరుకోక, కౌంటువారీగా నీ లెక్కలు జతచేసి కాగితం మీద రాసివ్వు.

మొదటి వారం పుస్తకం పేజీలు ఫొటో తీసి పంపు. కౌంటు, వచ్చిన మనుషులు, సరుకు కోసం ఆగిన వేళ తప్పకుండా ఉండాలి. చూసి ఫోన్ చేస్తాను.

ఇట్లు
మీ పెద్దమ్మ