వకీలుకు నియమాలు ఉన్నాయి, మా మామ సంచిలో కూడా ఉన్నాయి

"లాయర్లకు నిజంగా నీతి నియమాలంటూ ఉంటాయా, ఎవరైనా పాటిస్తారా?" అని ఒకరు నన్ను అడిగారు. ఉంటాయి. 1961 నాటి అడ్వకేట్స్ చట్టం కింద, దేశంలో వకీళ్ల వృత్తిని చూసుకునే బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా వాటిని రాసిపెట్టింది. పాటించేవాళ్లూ ఉన్నారు. కానీ అందులో 20వ రూలు ఒక్కటి తెలిస్తే చాలు, మన పల్లెల్లో సగం గొడవలు తీరుతాయని నా గట్టి నమ్మకం. గెలిస్తే ఇంత అని ఫీజు మాట్లాడుకోవద్దు, వచ్చే సొమ్ములో వాటా తీసుకోవద్దు అంటుంది ఆ రూలు.

దేవరకొండ దగ్గర మా మేనమామ భూమి రెండెకరాల ఇరవై గుంటలు కాలువ కింద పోయింది. పరిహారం పెంచమని కేసు వేయడానికి నల్లగొండలో ఒక వకీలును పట్టుకున్నాడు. "ఇప్పుడు పైసా వద్దు, వచ్చినదాంట్లో పదికి మూడు నాకు" అన్నాడాయన. మామకు దేవుడే దిగొచ్చినట్టనిపించింది. ఇక ప్రతి వాయిదాకూ ఏదో ఒకటి మోసేవాడు, సీజన్‌లో సీతాఫలాల గంప, ఒకసారి చింతపండు, ఇంకోసారి నాటుకోడి. ఆ కోడి ఆఫీసులో తాడు తెంపుకొని కేసు కట్టల మీదికెక్కితే ఇద్దరు జూనియర్లు కోట్లు విప్పి దాని వెంట పడ్డారు, నేను అక్కడే ఉన్నా.

రెండేళ్లు "వాయిదా పడింది" అనే ఫోనే తప్ప కేసు కదలలేదు. వేరే వకీలును పెట్టుకుందామంటే పాతాయన తనకు అభ్యంతరం లేదనే నో అబ్జెక్షన్ సంతకం పెట్టడు, ఫైలు ఇవ్వడు. "నా ముప్పై శాతం లెక్క తేల్చి తీసుకుపో" అంటాడు. రూపాయి రాని కేసులో ముప్పై శాతం ఎక్కడిది!

నేను రాత్రంతా కూర్చుని రూల్స్ వెతికి ప్రింట్ తీయించా. కోర్టు ఎదుట జిరాక్స్‌కు పేజీకి ఐదు రూపాయలు గుంజుతారు, వాళ్లకూ ఒక రూల్ పెట్టాలి. వకీళ్లు మెడలో తెల్ల బ్యాండ్ కోర్టు బయట జనంలో వేసుకోకూడదని కూడా ఆ కాగితాల్లోనే చదివా, నల్లగొండ గడియారం సెంటర్ దగ్గర చాయ్ బండి కాడ చూడండి ఎంతమంది వేసుకొని నిలబడతారో. ఇంకో ముఖ్యమైన సంగతి, ఫీజు బాకీ ఉందని కక్షిదారు ఫైలు పట్టుకునే హక్కు వకీలుకు లేదని 2000లోనే సుప్రీంకోర్టు చెప్పింది. ఇది ప్రతి ఊళ్లో డప్పు కొట్టి చెప్పాలి.

మర్నాడు ఇద్దరం పోయాం. నేను 20వ రూలు చదివి వినిపించా. రాష్ట్ర బార్ కౌన్సిల్‌కు ఫిర్యాదు రాస్తామని కూడా చెప్పా. ఆయన ఏదో అనబోతుంటే మామ చేతులు కట్టుకొని అడిగాడు: "సార్, వాటా తీసుకోవద్దట కదా, మరి నేను తెచ్చిన సీతాఫలాలు ఏ రూలు కిందికొస్తాయి?" వెటకారం కాదు, ఆయనకు నిజంగానే తెలుసుకోవాలని ఉంది. వకీలు సాబ్ చాలాసేపు ఫ్యాన్ వైపు చూసి, జూనియర్‌ను పిలిచి ఫైలు తెమ్మన్నాడు. అట్ట మీద కోడి రెట్ట మరక అట్లనే ఉంది.

కొత్త వకీలమ్మ ఫీజు ముందే ఇంత అని చెప్పి, తీసుకున్న ప్రతిసారీ రసీదు ఇస్తున్నది. ఆ రసీదులు, నేను తీసిన ప్రింట్ మామ ఒకే గుడ్డసంచిలో పెట్టుకొని తిరుగుతున్నాడు. సీతాఫలాల గంప మాత్రం ఆమెకూ మోస్తూనే ఉన్నాడు, వద్దు మామా అంటే "నీకు తెల్వదు అల్లుడా" అంటాడు.