కౌన్సెలర్ పాత్ర రాస్తున్న తమ్ముడికి

పెరంబూర్, చెన్నై

తమ్ముడూ,

నీ కథ రెండుసార్లు చదివాను. భర్తను వదిలేద్దామా అన్న ఆలోచనతో అన్నానగర్ క్లినిక్‌కు వచ్చిన ఆమె ఇంకా కళ్లముందే ఉంది. ఎదురుగా కూర్చున్న కౌన్సెలర్ మాత్రం గుర్తు లేడు. వింటాడు, తలూపుతాడు, "నిర్ణయం మీదే" అంటాడు. అంతే. పెళ్లి గురించి ఆయన మనసులో ఏముందో నీకూ తెలియదనిపించింది.

వచ్చినవాళ్లను షరతులు పెట్టకుండా స్వీకరించాలని అమెరికన్ సైకాలజిస్టు కార్ల్ రోజర్స్ 1957లోనే రాశాడు. నిజమే. అలాగని కౌన్సెలర్ తన పెంపకాన్ని చెప్పులతో పాటు గుమ్మం బయట విడిచి రాలేడు కదా!

మా ఆయన చనిపోయిన ఏడాది నిద్రపట్టక నేనూ కౌన్సెలింగ్‌కని ఒకావిడ దగ్గరికి వెళ్లాను. ఒంటరిగానే ఉంటాను, మళ్లీ రాసుకోవాలని ఉంది అన్నాను. "పిల్లల దగ్గర ఉంటే మీకూ తోడు కదమ్మా" అంది, ఎంతో ప్రేమగా. తప్పు మాటేం కాదు. కానీ మరుసటి వారం నుంచి నేను పిల్లల కబుర్లే చెప్పాను. రాత ఊసెత్తలేదు. ఆవిడ మెచ్చుకునే మనిషిలా కనబడాలనిపించింది. ఆవిడ ముఖం చూస్తూ మాటలు ఏరుకుంటున్నానని తెలిసిన రోజున వెళ్లడం మానేశాను.

2021లో మన మద్రాసు హైకోర్టుకు ఇద్దరమ్మాయిలు రక్షణ కోరుతూ వచ్చారు. వాళ్లిద్దరూ ప్రేమించుకున్నారు. జస్టిస్ ఆనంద్ వెంకటేశ్ తనలోనూ పాత అభిప్రాయాలున్నాయని ఒప్పుకుని, ముందు తానే సైకాలజిస్టు దగ్గర కూర్చున్నారు. జూన్ 7న ఇచ్చిన ఉత్తర్వులో, అలాంటివాళ్లను వైద్యంతో 'మార్చే' ప్రయత్నాలను నిషేధించారు. ఆ ఒప్పుకోలు తలుచుకుంటే నాకిప్పటికీ గౌరవం కలుగుతుంది. నీ కౌన్సెలర్‌కూ అలాంటి ఒక్క క్షణం ఇవ్వు.

ఆయన్ని చెడ్డవాణ్ణి చేయకు. క్లినిక్‌కు వచ్చినామెను అత్తగారి గురించి రెండుసార్లు అడిగి, ఉద్యోగం గురించి ఒక్కసారీ అడగలేదని రాత్రి ఇంట్లో తట్టనీ. సీనియర్‌తో ఆ సంగతి చెప్పుకోనీ.

ఇంకొకటి. ఆమే, కౌన్సెలరూ తమిళంలో మాట్లాడుకుంటున్నారు. ఆమె ఏడుస్తూ "అమ్మా" అని తెలుగులోకి జారిపోగానే ఆయన ముఖం వెలిగి, "మీదే ఊరండీ?" అంటాడనుకో. ఆ ప్రశ్న వెనకాల మనవాళ్లు ఇంకేం అడుగుతారో ఆమెకు తెలుసు. కన్నీళ్లు తుడుచుకుని జాగ్రత్తపడుతుంది. ఆమె ఏం జవాబు చెబుతుందో రాసి పంపు.

నీ
అక్కయ్య