యుద్ధకళల సాధన వల్ల వ్యక్తిత్వంలో ఏ విలువలు అలవడతాయి?

ప్రధానంగా నిగ్రహం, ఎదుటివారి పట్ల బాధ్యత అలవడతాయి. నా దృష్టిలో వీటికి గురువు బోధల కన్నా సాధన జరిగే తీరే ఎక్కువ కారణం. 1882లో జిగోరో కానో జపాన్‌లో నెలకొల్పిన జూడోనే తీసుకుంటే, ఎదుటివారిని పడగొట్టడం కన్నా ముందు, దెబ్బ తగలకుండా తాను పడటం నేర్పుతారు. గడ్డాన్ని ఛాతీకి ఆనించి, చేతితో చాపను చరుస్తూ పదే పదే పడి లేచేవారికి ఓటమి అంటే బెరుకు తగ్గుతుంది. మోచేతిని మెలిపెట్టి పట్టినప్పుడు, పట్టుబడిన వ్యక్తి చేత్తో తట్టగానే వదిలేయాలి కనుక, గెలుపు అందిన క్షణంలోనే బలాన్ని ఆపుకోవడం అలవాటవుతుంది. వినయం మాత్రం అందరికీ రాదు. వంగి నమస్కరించడం ఎవరైనా నేర్చుకోగలరు గానీ, బెల్టులు, పతకాల మీదే దృష్టి నిలిపే శిక్షణలో అహంకారం పెరగడమూ లేకపోలేదు. కాబట్టి చేరే ముందు, అక్కడి సీనియర్లు కొత్తవారితో ఎలా సాధన చేస్తున్నారో గమనించడం మంచిది.